సంఘం గుమ్మం మీది మేకు

బ్రిస్టల్‌లో ప్యూటర్ అనే తగరపు లోహంతో పళ్ళేలు, చెంబులు పోసే పనివాళ్ళ సంఘానికి ఒక హాలుంది. ఆ హాలు గుమ్మం మీద ఒక మేకుంది. ఒక్కటే మేకు. తగరంలో సీసం కలిపి పట్టుబడినవాడి సరుకంతా లోపల దిమ్మ మీద పెట్టి సుత్తితో చితక్కొడతారు. ఒక్క చెంబు మాత్రం వదిలి, దాని మూతిని ఉలితో చీల్చి, ఆ మేకుకు తగిలిస్తారు. ఇంకొకడు పట్టుబడేదాకా అది దిగదు. ఇంకొకడిది ఎక్కిన రోజున పాతదాన్ని దింపి, ఇంటివాళ్ళు అడిగితే ఇస్తారు, అడగకపోతే మూసలో పడేస్తారు. ఈ ఆచారం పెట్టినవాడెవడో గాని వాడి నోట మన్నుపడ, దొంగని వదిలేసి దొంగ పెళ్ళాన్ని శిక్షించే ఉపాయం కనిపెట్టాడు.

ఎందుకంటే పట్టుబడ్డ ఏమోస్ పర్నెల్ ఆ చలికాలంలోనే తాగి తాగి పోయాడు. చెంబు మాత్రం పోలేదు. వానకి నల్లబడి, పిడి పక్కన కొట్టిన పిచ్చుక ముద్రతో సహా అలాగే వేలాడుతోంది. అతని పెళ్ళాం టామ్సిన్ రొట్టె కొనాలన్నా, చర్చికి పోవాలన్నా ఆ గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆమె వస్తుంటే మాట్లాడుకునేవాళ్ళు ఆగిపోతారు. ఒకసారి ఆమె వైపు, ఒకసారి పైకి చూస్తారు. నోటితో ఒక్క మాటా అనరు. అంటే తిరిగి అనొచ్చు. చూపుకి ఏం జవాబు చెప్తాం.

ఆమె ఎన్నో ఏళ్ళుగా ఒక్కటే కోరుకుంది. ఆ మేకు మీద నుంచి ఏమోస్ చెంబు దిగాలి, దాని స్థానంలో గిడియన్ స్లోకమ్ చెంబు ఎక్కాలి. ఇంకెవరిదో ఎక్కి ఏమోస్‌ది దిగినా ఆమెకు తృప్తి లేదు. స్లోకమ్‌దే ఎక్కాలి.

అసలు జరిగింది ఇదీ. అమెరికాలో, కరోలినాలో ఉన్న దొరలకు తగరపు గనుల్లేవు. పళ్ళెం దగ్గర నుంచి ఉప్పుగిన్నె దాకా, బీరు తాగే పిడి చెంబు దాకా, అన్నీ మన రేవు నుంచే ఓడెక్కి వెళ్ళాలి. సముద్రం దాటాక చూసేదెవడు అని కొందరికి చెయ్యి దురద పెడుతుంది. సీసం చవక, బరువు తూగుతుంది, కొత్తలో మెరుస్తుంది కూడా. అందుకే సంఘం పెద్దలు రేవులోనే పీపాలు తెరిపించి తనిఖీ చేస్తారు. ఆ ఏడు తనిఖీ వంతు స్లోకమ్‌ది. అప్పుడింకా కుర్రతనం వదలని మనిషి. ఏమోస్ పీపాలో గడ్డి కిందకి చెయ్యి పెట్టి ఒక చెంబు తీశాడు, తెల్ల కాగితం మీద దాని అంచుతో గీశాడు. మంచి ప్యూటర్ అయితే గీత పడదు. నల్లటి గీత పడింది.

హాల్లో నిలబెట్టి అడిగితే ఏమోస్, "ముద్ర నాదే, చెయ్యి నాది కాదు. ఎవడో నా ముద్ర ఎత్తుకెళ్ళి కొట్టుకున్నాడు," అన్నాడు. అందరూ నవ్వారు. పట్టుబడ్డ ప్రతివాడూ ఆడే అబద్ధం అదే కదా మరి. నవ్వినవాళ్ళలో స్లోకమ్ ఉన్నాడో లేడో టామ్సిన్‌కి తెలియదు. ఆడవాళ్ళని హాల్లోకి రానివ్వరు. ఆమె మనసులో మాత్రం వాడే అందరికంటే గట్టిగా నవ్వాడు.

పోయేముందు ఏమోస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "స్లోకమేనే టామ్సిన్. నా ముద్ర ఒకరోజు కనిపించలేదు, గుర్తుందా? ఆ చెంబులు వాడివే. వాడి కొట్లోవే." ఆ మాట చెప్పి పోయాడు. చచ్చిపోతూ చెప్పిన మాట కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఆమె దాన్ని కడుపులో పెట్టుకుంది, అక్కడే పెంచింది.

తరవాత అన్నీ స్లోకమ్‌కే కలిసొచ్చాయి. ఏమోస్ కంచు అచ్చులు అతనే కొనుక్కున్నాడు. కరోలినా వర్తకులు అతని గుమ్మమే తొక్కారు. అంతటితో ఊరుకున్నాడా? ఒకనాడు టామ్సిన్ ఇంటికొచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "పిడులు పోయడం నీ అంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. నా కొట్లో పనికొస్తావా?" అని అడిగాడు.

వాడి పొగరు చూడండి. టామ్సిన్ మొహం మీదే తలుపు వేసేది. వెనక నుంచి అత్త కెజియా, "వస్తుందిలే, సోమవారం నుంచి వస్తుంది," అంది. అతను వెళ్ళాక కోడలి వైపు తిరిగి, "పిచ్చిదానా, పాము ఏ పుట్టలో ఉందో తెలిసినప్పుడు ఆ పుట్ట పక్కనే కూచోవాలి. వెళ్ళు. వాడి ఇంట్లో తిను, వాడి వాసాలు లెక్కపెట్టు. నా కొడుకు ఉసురు వాడికి తగిలే రోజు ఒకటొస్తుంది. ఆ రోజు నువ్వు దగ్గరుండాలి," అంది.

కెజియా ఏమోస్ తల్లి. కళ్ళు ఆనవు గాని చేతులు ఇంకా చురుకే. ఎడమచేతివాటం మనిషి. చిరిగిన దేనికైనా మాసిక వేస్తుంది, ప్రతి మాసిక చివరా కోడికాలులా మూడు కుట్లు కుడుతుంది. ఆ చిరుగులోంచి దయ్యాలు దూరకుండానట. టామ్సిన్ మేజోళ్ళ నిండా కోడికాళ్ళే. "అత్తా, నేను నడుస్తుంటే కోళ్ళగూడు నడిచినట్టుంది," అని ఆమె వేళాకోళం చేసేది. రాత్రి భోజనాల వేళ ఇద్దరికీ కబుర్లంటే ఒకటే, స్లోకమ్‌ని తిట్టుకోవడం. వాడి నడక, వాడి టోపీ, చర్చిలో వాడు పాడే గొంతు. ఏదీ వదిలేవారు కాదు. నిజం చెప్పాలంటే ఆ తిట్లు లేకపోతే ఆ ఇంట్లో మాటలే ఉండేవి కావు.

పిడి పోయడమంటే చూసేవాళ్ళకి తేలిక. చెంబు ఒళ్ళు ముందే తయారై ఉంటుంది. దాని పక్కకి పిడి అచ్చు బిగించి, చెంబు లోపల నుంచి ఇసుక నింపిన నారబట్ట మూటని ఒకరు అదిమి పట్టుకోవాలి. ఇంకొకరు కరిగిన ప్యూటర్ అచ్చులో పోయాలి. ఆ వేడికి చెంబు ఒళ్ళు కూడా అక్కడ కాస్త కరిగి పిడితో కలిసిపోతుంది. మూట లేకపోతే చిల్లు పడుతుంది. మూట ఉంటే ఆ బట్ట నేత లోపలి గోడ మీద అచ్చుపడి అలాగే ఉండిపోతుంది. ఏ చెంబులోనైనా పిడికి వెనకవైపు వేలు పెట్టి చూడండి, గరగరలాడుతుంది. తాగేవాడు పట్టించుకోడు. పోసినవాళ్ళకి మాత్రం అదొక అలవాటు. చెంబు చేతికొస్తే చాలు, వేలు ముందు అక్కడికే పోతుంది. ఏమోస్ బతికున్నప్పుడు టామ్సిన్ పోసేది, కెజియా మూట పట్టేది. పాత చొక్కాలు చింపి మూటలు కుట్టేదీ, మాడి చిల్లులు పడితే మాసికలు వేసేదీ కెజియానే.

ఇప్పుడు స్లోకమ్ కొట్లో మూట పట్టేది జాబెజ్. సుత్తిపని చేసి చేసి చెవులు మొద్దుబారిన ముసలాడు, నోరు మాత్రం మొద్దుబారలేదు. "టామ్సిన్, నువ్వు పోస్తుంటే చూడాలి, చర్చి ఫాదర్ తీర్థం పోసినట్టు పోస్తావు. కాస్త నవ్వితే ఏం పోయింది, తగరం అరిగిపోతుందా?" అనేవాడు.

"నువ్వు నోరు మూస్తే నేను నవ్వుతాను."

"అయితే ఈ జన్మకి నీ పళ్ళు చూడను."

స్లోకమ్ ఆమెతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మధ్యాహ్నం అందరితో పాటు ఆమెకీ రొట్టె, జున్ను, సైడర్ అనే ఆపిల్ కల్లు పంపేవాడు. ఆమె పోసిన పిడుల్ని అతను వంచి చూడగా ఆమె ఎప్పుడూ చూడలేదు. మిగతావాళ్ళ పనంతా చెవి దగ్గర పెట్టి వంచి, మంచి తగరం చేసే కిర్రుమనే చప్పుడు వినేవాడు. ఆమె దగ్గరకొచ్చేసరికి, "నీది చూడక్కర్లేదు," అని ముందుకెళ్ళిపోయేవాడు. ఆ నమ్మకం చూసి కూడా ఆమెకి ఒళ్ళు మండిపోయేది. మొగుణ్ణి మింగినవాడు పెళ్ళానికి మర్యాద చేస్తున్నాడు అనుకునేది.

ఇలా ఉండగా, సెప్టెంబరు ఆఖర్న వచ్చే మైకెల్‌మస్ పండగనాడు స్లోకమ్‌ని సంఘానికి పెద్దని చేస్తారని ఊళ్ళో అనుకున్నారు. ఆ కబురు తెచ్చింది కెజియానే.

"విన్నావటే? ఎర్ర కోటు కుట్టించుకుంటున్నాడట," అంది పొయ్యి దగ్గర చతికిలబడి. "వాడు ఆ కోటు తొడుక్కుని ఆ గుమ్మంలోంచి లోపలికి పోతాడు. ఎవరి కింద నుంచి? నా కొడుకు చెంబు కింద నుంచి. వాడేం చేస్తాడో తెలుసా? ఒకసారి తల ఎత్తి చూసి మరీ పోతాడు."

టామ్సిన్ చేతిలో చెంచా కింద పెట్టేసింది. "పోనివ్వను," అంది.

"ఏం చేస్తావు? నీ చేతిలో ఏముంది?"

"గరిటె ఉంది అత్తా."

కెజియా తల ఊపింది. మొగుడికి జరిగిందే వాడికీ జరగాలి, అదే రేవులో, అదే తెల్ల కాగితం మీద, అదే హాల్లో. ఒకరికి ఒకరు చెప్పుకోనక్కర్లేకుండానే ఇద్దరికీ అర్థమైపోయింది. మర్నాడు కెజియా కర్ర పట్టుకుని నది ఒడ్డుకు పోయి, వలలు కట్టేవాడి దగ్గర నుంచి పాత సీసపు గుండ్లు గంప అడుగున పెట్టుకుని, పైన ఉల్లిపాయలు కప్పుకుని తెచ్చింది.

అప్పుడు కొట్లో తయారవుతున్నది కరోలినాలోని చార్ల్‌స్టన్ వర్తకుడి సరుకు, ఓడ నిండా పళ్ళేలు, చెంబులు. పళ్ళేల జోలికి ఆమె పోలేదు. చెంబుల పిడులు ఆమెవి. పొయ్యి దగ్గరికి పోయినప్పుడల్లా జేబులోంచి ఒక గుండు గరిటెలో జారవిడిచేది. సీసం తగరంలో ఇట్టే కరిగిపోతుంది. అచ్చు విప్పి పిడిని వంచి చూస్తే కిర్రుమనేది కాదు, మూగదానిలా వంగేది. కిర్రుమందో లేదో జాబెజ్ మొద్దు చెవులకి తెలియదు. స్లోకమ్‌కి తెలుస్తుంది గాని ఆమె పిడుల్ని అతను వంచడు. ఒకటి రెండుసార్లు అతను వచ్చి వెనక నిలబడ్డాడు. అతను గరిటెలోకి చూడలేదు, ఆమె మొహంలోకి చూశాడు. "వేడి ఎక్కువగా ఉంది, కాసేపు బయట గాలికి కూచో," అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఆమె కిక్కురుమనకుండా పోస్తూనే ఉంది.

పీపాలు రేవుకి చేరిన రోజు సంఘం తనిఖీ పెద్ద బెరో గారి ఇంటి ముందు నుంచి ఆమె నడిచింది. ఆయన గుమ్మంలో నిలబడి పైపు తాగుతున్నాడు.

"బెరో గారూ, ఒక మాట అడగనా? పేదవాళ్ళ పీపాలే తెరుస్తారా, లేక సంఘం పెద్ద కాబోయేవాడివి కూడా తెరుస్తారా? దండం పెట్టి ఓడెక్కిస్తారేమోనని అడుగుతున్నాను."

ఆయనకు అది సర్రున తగిలింది. "సంఘానికి ఎక్కువ తక్కువలు లేవమ్మాయ్. నీ కళ్ళముందే తెరిపిస్తాను, రా."

అంతే, ఆమె చెప్పిన అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన తన పంతంతో తనే నడిచాడు.

పీపా మూత లేచింది. గడ్డి తీశారు. బెరో గారు చెంబు తీసి కాగితం మీద దాని అంచుతో గీశాడు, ఏమీ పడలేదు. చెంబు అడుగుతో గీశాడు, ఏమీ పడలేదు. తిరగేసి పిడితో గీశాడు. కాటుకతో గీసినట్టు నల్లటి గీత పడింది. ఆయన ఇంకొకటి తీశాడు, ఇంకొక పీపా తెరిపించాడు. అన్నిటిదీ అదే వరస. జాబెజ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు, ఆ ముసలాడి నోట మాట రాకపోవడం ఊరంతా చూసింది. స్లోకమ్ ఒక చెంబు అందుకుని పిడిని బొటనవేళ్ళతో నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కిర్రుమనలేదు. తరవాత జనంలో ఉన్న టామ్సిన్ వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. ఆమె చూపు తిప్పుకోలేదు. చూడరా, బాగా చూడు అనుకుంది, నా మొగుడూ ఇక్కడే నిలబడ్డాడు.

హాల్లోకి ఆమెని పిలిచారు. పిడులు పోసిన మనిషి కాబట్టి సాక్ష్యానికి రావాలట. ఇన్నాళ్ళూ ఆడదానికి తెరుచుకోని తలుపు ఆ రోజు తెరుచుకుంది. ఏమోస్ చెంబు నీడ నెత్తిన పడుతుండగా ఆమె లోపలికి నడిచింది. సంఘం వాళ్ళంతా బల్లల చుట్టూ కూచున్నారు. స్లోకమ్ దిమ్మ దగ్గర నిలబడి ఉన్నాడు, మామూలు తోలు కోటులోనే.

ఆమె ఈ ఘడియ కోసమే బతికింది. వాడు నోరు తెరిచి, ముద్ర నాదే, చెయ్యి నాది కాదు అనాలి. అందరూ నవ్వాలి. ఏమోస్ అన్న మాటే వాడి నోట వచ్చి, ఏమోస్ మీద పడ్డ నవ్వే వాడి మీద పడాలి. ఆ నవ్వు తన చెవులారా వినాలి. అప్పుడు గాని ఆమె కడుపు చల్లబడదు.

"ముద్ర నీదేనా గిడియన్?" అని అడిగాడు బెరో గారు.

"నాదే."

"చెయ్యి?"

టామ్సిన్ ఆ నవ్వు వినడానికి చెవి ఒగ్గింది.

"నా కొట్లో పోసింది ఏదైనా నా చెయ్యే," అన్నాడు స్లోకమ్.

"పిడులు పోసింది ఈమె కదా. ఆమెని అడగాలి."

"అడగక్కర్లేదు. నా ముద్ర కింద వెళ్ళే సరుకు నేను చూసుకోవాలి. పిడులు వంచి చూడలేదు. ఆ తప్పు నాది. మీరు చేసేది చెయ్యండి, పొద్దుపోతోంది."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. టామ్సిన్‌కి ఆకలేసినవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టయింది. ఏడుస్తాడనుకుంటే ఏడవలేదు, బొంకుతాడనుకుంటే బొంకలేదు. తనని వేలెత్తి చూపిస్తాడేమో, చూపిస్తే ఏమనాలో కూడా ఆమె తయారుగా ఉంది. అదీ జరగలేదు. చివరికి ఓడిపోవడంలో కూడా వీడు నా మాట వినడే అని పళ్ళు కొరుక్కుంది.

సుత్తులు లేచాయి. చెంబులన్నీ దిమ్మ మీద చితికిపోయాయి. ఒకటి మిగిల్చి మూతి చీల్చారు. నిచ్చెన వేసి పాతది దింపి, కొత్తది తగిలించారు. "పర్నెల్ చెంబు అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు బెరో గారు ఆచారం ప్రకారం.

"నేనున్నాను," అంది టామ్సిన్.

రెండు చేతులా అందుకుంది. గుండెకు ఆనించుకుని మెట్లు దిగింది. బయటికి రాగానే వీధిలో జనం ఆమె వైపు చూసి, పైకి చూశారు. పైన వేరేవాడి చెంబుంది. వాళ్ళ చూపులు ఆమె దగ్గరికి తిరిగి రాలేదు. అయిపోయింది, ఏమోస్, నీ పరువు దింపుకొచ్చాను అనుకుంది. కళ్ళు చెమర్చాయి. అలవాటు కొద్దీ ఆమె వేలు చెంబులోకి పోయి పిడి వెనకాల ఆగింది.

నారబట్ట నేత తగిలింది. ఆ నేత మధ్యలో గడులు గడులుగా మందమైన అల్లిక. మాసిక. దాని చివర మూడు చిన్న గీతలు, ఎడమవైపుకి వాలి.

కోడికాలు.

ఆమె అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. స్లోకమ్ కొట్లో తయారైన చెంబులో కెజియా మాసిక ఎలా ఉంటుంది? ముద్రతో పాటు మూట కూడా ఎత్తుకెళ్ళాడేమో. అవును, అలాగే అయ్యుంటుంది. దొంగతనానికి వచ్చినవాడు ఇసుక మూట కూడా చంకన పెట్టుకుపోయాడా? ఎందుకు, వాడి కొట్లో ఇసుకకి కరువా? తనకు తాను చెప్పుకున్న ఆ మాట ఆమెకే నవ్వొచ్చేలా ఉంది. ఏమోస్ ఆ పీపాలు నింపిన వారాల్లో తనెక్కడుంది? పురిటి జ్వరంతో మంచాన పడి ఉంది. బిడ్డ దక్కలేదు, తనూ దక్కుతుందన్న ఆశ లేదు. మరి అప్పుడు పిడులు ఎవరు పోశారు? ఎప్పుడూ అడగని ప్రశ్న అది. అడగాలని తట్టనే లేదు.

ఇంటికెళ్ళేసరికి కెజియా బఠాణీ జావ కలుపుతోంది. "ఎక్కిందా?" అంది తిరగకుండానే.

"ఎక్కింది."

"దిగిందా?"

"దిగింది. ఇదిగో."

కెజియా గరిటె వదిలేసి చేతులు చాచింది. చెంబుని అందుకుని బిడ్డని నిమిరినట్టు పైపైన నిమిరింది. పిచ్చుక ముద్ర తడిమింది, చీలిన మూతి తడిమింది. లోపలికి మాత్రం వేలు పోనివ్వలేదు. ఒక జన్మంతా మూటలు పట్టిన మనిషి వేలు అక్కడికి పోకపోవడం టామ్సిన్ చూసింది.

"లోపల వేలు పెట్టు అత్తా."

"ఎందుకే ఇప్పుడు. రా, తిందువుగాని."

"పెట్టు."

కెజియా చెంబుని ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "పెట్టక్కర్లేదు," అంది. "అక్కడేముందో నాకు తెలుసు."

పొయ్యి మీద జావ అడుగంటుతోంది. ఇద్దరూ లేవలేదు.

"చెప్పు," అంది టామ్సిన్.

"ఏముంది చెప్పడానికి. కార్న్‌వాల్ నుంచి రావాల్సిన తగరం ఓడ గాలి లేక ఆగిపోయింది. కరోలినా ఓడ వీడి కోసం ఆగుతుందా? ఈ ఒక్కసారే అమ్మా అన్నాడు. నువ్వు మంచాన ఉన్నావు. వాడు పోశాడు, నేను మూట పట్టాను."

"సీసం?"

"వలలవాడి దగ్గరే. ఇంకెక్కడ దొరుకుతుంది."

టామ్సిన్‌కి ఉల్లిపాయల గంప గుర్తొచ్చింది. ఆ గంప మోసుకురావడానికి ముసలిదానికి దారి అడగాల్సిన పని కూడా లేకపోయింది. "స్లోకమ్ ముద్ర దొంగిలించాడన్నాడే. నా చెయ్యి పట్టుకుని చెప్పాడే, అత్తా. చచ్చిపోతూ చెప్పాడే."

"చచ్చిపోయేవాడు పెళ్ళాం ముందు దొంగలా చావాలా? నీ కళ్ళల్లో మంచివాడిలా పోవాలనుకున్నాడు. అది కూడా తప్పేనా?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

కెజియా చెంబుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తరవాత గొంతు పెంచింది. "చెప్తే ఏమయ్యేది? నువ్వు మూట సర్దుకుని మీ పుట్టింటికి పోయేదానివి. నేనీ పొయ్యి దగ్గర ఒక్కదాన్నీ ఎవరితో మాట్లాడను? వాణ్ణి తిట్టుకుంటూ ఇద్దరం ఒక చోట ఉన్నాం, అది చాలదా? అయినా ఆ స్లోకమ్‌గాడు ఆ రోజు పీపాలో చెయ్యి పెట్టకుండా ఉంటే వాడి సొమ్మేం పోయేది? నా కొడుకు బతికుండేవాడు. వాడికి ఈ శాస్తి కావలసిందే."

చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారు. టామ్సిన్ ఇన్నేళ్ళూ ఏమోస్ కళ్ళని దోసెడేసి చేసుకుంది. వాడి కోసం నవ్వడం మానేసింది. శత్రువు అన్నం తిని, ఆ అన్నం పెట్టినవాడి గరిటెలోనే విషం కలిపింది. వాడు మాత్రం తను మంచివాడిగా పోవడానికి ఆమె బతుకంతా ఒక అబద్ధం చేతికిచ్చి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఇంత కోపం ఆమెకి స్లోకమ్ మీద కూడా ఎప్పుడూ రాలేదు.

లేచి అత్త ఒళ్ళోంచి చెంబు లాక్కుంది.

"ఎక్కడికే?"

"దీని చోటికి."

"టామ్సిన్, నా మాట విను. నన్ను కూడా లాగుతావా ఇందులోకి? ముసలిదాన్ని."

"నువ్వు ముందు నుంచీ ఇందులోనే ఉన్నావు అత్తా. జావ దించు, మాడుతోంది."

ఆమె స్లోకమ్ మీద జాలితో వెళ్ళిందని తరవాత ఊళ్ళో చెప్పుకున్నారు. నమ్మకండి. జాలి అంత వేగంగా నడవదు.

హాలు ఇంకా తెరిచే ఉంది. పట్టుబడ్డవాడు తన చితికిన సరుకు తనే గోనెలోకి ఎత్తుకోవాలి, అదీ ఆచారమే. స్లోకమ్ మోకాళ్ళ మీద కూచుని ముక్కలు ఏరుతున్నాడు, జాబెజ్ గోనె పట్టుకున్నాడు. పెద్దలు కొందరు బీరు తాగుతున్నారు. గుమ్మం పక్కన నిచ్చెన ఇంకా తీయలేదు. టామ్సిన్ దాని మీదకి ఎక్కింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు అక్కడ?" అంటూ బెరో గారు బయటికొచ్చాడు.

ఆమె స్లోకమ్ చెంబు తీసి చంకన పెట్టుకుంది. "పిడుల్లో సీసం వేసింది నేను. ఈయనకి తెలియదు. వలల గుండ్లు, నా జేబులో ఇంకో రెండున్నాయి, కావాలంటే చూడండి."

జనం మూగారు. జాబెజ్ గోనె వదిలేశాడు. చెవిన పడ్డది నమ్మలేక ఆ ముసలాడు, ఏమంది అంటూ పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు అరిచి చెప్పాడు.

"ఎందుకు చేశావు?" అన్నాడు బెరో గారు.

"నా మొగుడి చెంబు దింపుకోవడానికి. దింపుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఎక్కిస్తున్నాను. ఇది ఎవరూ ముద్ర ఎత్తుకెళ్ళి కొట్టింది కాదు. నా మొగుడే పోశాడు. లోపల పిడి వెనక వేలు పెట్టండి, మా అత్త వేసిన మాసిక ఉంటుంది. నమ్మకపోతే నా మేజోడు విప్పి ఇస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి."

బెరో గారు చెయ్యి చాచి చెంబులో వేలు పెట్టాడు. ఆయనా ఒకప్పుడు పోసినవాడే. వేలు తీసి, కోటుకి తుడుచుకుని, "ఇంకొకడి ముద్ర కింద సీసం పోస్తే శిక్షేంటో తెలుసా నీకు? జైలు," అన్నాడు.

"తెలుసు. ఒక్క నిమిషం ఆగండి, వస్తాను."

స్లోకమ్ నిచ్చెన కిందకి వచ్చి నిలబడ్డాడు. ఆమె చీలిన చెంబుని కిందకి అందించింది. అతను తీసుకుని దానివైపు చూడకుండా ఆమె వైపు చూశాడు. "సీసం ఎందుకు వేశావో అడగను," అన్నాడు. "రేవులోనే అర్థమైంది. ఇప్పుడెందుకు చెప్పావు?"

"మీ కోసం కాదు."

"ఏమోస్ సంగతి నీకు తెలుసనుకున్నాను నేను. తెలిసే నా దగ్గర తలెత్తుకుని పనిచేస్తున్నావనుకున్నాను."

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. ఊరందరికీ తెలిసిన నిజం, ఆ చెంబు కింద నుంచి నడిచే ప్రతి కుక్కకీ తెలిసిన నిజం, తనకి ఒక్కదానికే తెలియదు. వాళ్ళు చూసిన చూపుల్లో ఎగతాళి ఎంతో, జాలి ఎంతో ఇప్పుడు లెక్కలు వేసుకుని లాభం లేదు.

ఆమె ఏమోస్ చెంబుని మేకుకి తగిలించింది. ఇన్నాళ్ళూ దాని పిచ్చుక ముద్ర గోడ వైపుకి సగం తిరిగి ఉండేది, ఎవరైనా తల వంచి చూస్తే గాని కనిపించేది కాదు. ఆమె నిచ్చెన మీద నుంచి కిందకి చూసి, వీధి ఎటుందో చూసుకుని, ముద్ర నిండుగా కనిపించేలా చెంబుని ఇటు తిప్పి పెట్టింది. తరవాత దిగి బెరో గారి వెంట నడిచింది.